గెజిట్ నుంచి గడప దాకా

ఆధార్ కార్డు ప్రకారం మా బాపమ్మ 1940 జనవరి 1న పుట్టింది. ఓటరు గుర్తింపు కార్డు ఆమెను అంతకంటే ఆరేళ్లు పెద్దదాన్ని చేసింది. రేషన్ కార్డు ఈ రెండింటితోనూ ఏకీభవించదు. మోర్తాడ్ మాదిగవాడలో ఆమె ఈడువాళ్లు చాలామంది పుట్టినరోజు జనవరి ఒకటే. పుట్టిన తేదీ చెప్పలేని వారికి కార్డు రాసే మనిషి కేటాయించే తేదీ అది. నాన్న తల్లిని మా వైపు బాపమ్మ అంటాం. తన పుట్టుక గురించి ఆమెకు తెలిసిన ఆనవాలు ఒక్కటే: "బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ కడుతుంటే మా నాయిన ఆడికి కూలికి పోయిండట. గా యాడాది నేను పుట్టిన." శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో ఏర్పడింది. ఆ లెక్కన 2023లో కన్నుమూసేనాటికి ఆమెకు సుమారు ఎనభై ఆరేళ్లు.

ఆ ఎనభై ఆరేళ్లలో నిజాం రాజ్యం పోయింది. హైదరాబాద్ రాష్ట్రం వచ్చి పోయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి విడిపోయింది. తెలంగాణ వచ్చింది. వెట్టిని, కౌలును, జోగినిని, అంటరానితనాన్ని, పటేల్ పట్వారీ వ్యవస్థను ఉద్దేశించి చట్టాల మీద చట్టాలు వెలువడ్డాయి. గ్రూప్స్ పరీక్షలకు చదివే విద్యార్థులు ఈ సంవత్సరాలన్నీ కంఠస్థం చేస్తారు. వాటిని కంఠస్థం చేసినవారిలో నేనూ ఒకణ్ణి. అయితే ఏ ప్రశ్నపత్రంలోనూ కనిపించని ప్రశ్న ఒకటుంది. గెజిట్‌లో అచ్చయిన చట్టం మాదిగవాడలోని ఒక గడప దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టింది? బాపమ్మ జీవితాన్ని ఆ ప్రశ్నతో చదివితే మనకు బోధించిన చరిత్ర వరుస తప్పుతుంది.

1937లోనే నిజామాబాద్‌లో మందుముల నర్సింగరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. తెలంగాణ మేల్కొలుపు చరిత్రలో అది ఒక మైలురాయి. అదే కాలంలో, అదే జిల్లాలో, బాపమ్మ తండ్రి ఫ్యాక్టరీ గోడలకు ఇటుకలు మోశాడు. మహాసభ మాట ఆయన చెవిన పడినట్టు లేదు. ఆయనకు గుర్తున్న సంగతి వేరు. వారం తిరిగేసరికి హాలీ సిక్కా రూపాయల్లో కూలి చేతికి రావడం, అక్కడ ఉన్నన్నాళ్లు మేస్త్రీ తనను కులం పేరుతో కాక సొంత పేరుతో పిలవడం. ఊళ్లో కూలి అంటే జొన్నలు, పిలుపు అంటే కులం. నిజాంసాగర్ నీళ్లతో బోధన్ చెరకు సీమ పచ్చబడింది కానీ ఆ నీళ్లు మోర్తాడ్ వైపు రాలేదు. ఆయన తిరిగి వచ్చింది బావుల కింది వ్యవసాయానికి, దొర గడీకి, "నీ బాంచెన్" అనే మాటకు.

1948 సెప్టెంబరులో అయిదు రోజుల సైనిక చర్యతో నిజాం లొంగిపోయాడు. నిజామాబాద్ జైల్లో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా ఉన్న కాలం గురించి మనం చదువుకున్నాం. బాపమ్మకు అప్పుడు పదకొండేళ్లు. నిలువెత్తు జొన్నచేనులో దాక్కోవడం ఆమెకు గుర్తు. రజాకార్లు వచ్చినప్పుడు మూటలు మోయడానికి మాదిగవాడ మగవాళ్లను పట్టుకుపోయారు. మిలిటరీ వచ్చినప్పుడూ మోసింది వాళ్లే. తర్వాత కొన్నాళ్లకు ఊళ్లోని పేద దూదేకుల కుటుంబం ఒకటి రాత్రికి రాత్రి ఇల్లు విడిచి పోయింది. వాళ్లు మళ్లీ రాలేదు. విమోచనమా, విలీనమా, విద్రోహమా అని ప్రతి సెప్టెంబరులోనూ మనం వాదించుకుంటాం. మూట మోసిన భుజం వైపు నుంచి ఆ వాదన ఇంకా మొదలు కాలేదు.

1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. దున్నేవాడికి రక్షణ ఇచ్చిన చట్టంగా దానికి మంచి పేరుంది, అది న్యాయమైన పేరే. కానీ రక్షిత కౌలుదారు కావాలంటే ముందు కౌలుదారు అయి ఉండాలి. మాదిగకు భూమి కౌలుకిచ్చే పటేలు ఎక్కడున్నాడు? మా తాత ఆ భూమినే దున్నాడు, కౌలుదారుగా కాదు, జీతగాడుగా. పెళ్లి ఖర్చుకు తెచ్చిన అప్పు కింద 1953 ప్రాంతంలో ఒక పటేలు ఇంట జీతానికి కుదిరాడు. ఈ పద్ధతికి నిజాం రాజ్యంలో భగేలా అని పేరు. దాన్ని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లోనే నిబంధనలు చేసింది. మా తాత ఆ నిబంధనలు వచ్చిన పదిహేడేళ్ల తర్వాత భగేలా అయ్యాడు.

వెట్టిచాకిరీ రద్దు 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైంది. అందులో ఒక ముఖ్యమైన సెక్షన్ ఉంది. వెట్టికి మూలమైన అప్పు ఆ రోజుతో రద్దయినట్టే, దాన్ని తీర్చాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. ఆ సంగతి మా తాతకు ఎవరూ చెప్పలేదు. మా పెదనాన్న 1980లో ఏజెంటుకు డబ్బు కట్టి దుబాయి పోయాడు. అక్కడ భవనాల పనిలో సంపాదించి, మరుసటి ఏడు మొదటిసారి పంపిన డబ్బుతో ఇంట్లో చేసిన మొదటి పని పటేలు అప్పు తీర్చడం. చట్టం అప్పటికి అయిదేళ్ల కిందే చంపేసిన అప్పును, ఎడారిలో కాసిన ఎండతో మా కుటుంబం అసలు వడ్డీలతో సహా చెల్లించింది. ఉత్తర తెలంగాణ గల్ఫ్ వలసల గురించి రాసేవారు కరువును, బోర్లను, వ్యవసాయ సంక్షోభాన్ని కారణాలుగా చెబుతారు. అవి నిజాలే. జీతం నుంచి తండ్రిని విడిపించుకోవడానికి విమానం ఎక్కిన కొడుకుల లెక్క కూడా అందులో చేరాలి.

చట్టం ఎప్పుడూ వెనకే వచ్చిందని, మా వాళ్లు దాని కోసం చేతులు కట్టుకుని ఎదురు చూశారని అనుకుంటే పొరపాటు. బాపమ్మ అక్కను పదేళ్ల వయసులో జోగినిని చేశారు. ఊళ్లో అమ్మతల్లి పోసిన ఏడాది, పెద్దలు నిర్ణయించారు. ఎల్లమ్మ పేరు మీద మెడలో తాడు కట్టారు. ఆ తాడు దేవతది, మనిషి ఊరిది. జాతరలో ఆడాలి, పెద్ద కులాల శవం ముందు ఆడాలి, పిలిచిన ఇంటికి పోవాలి. ఆమె పిల్లలకు తండ్రి పేరు లేదు. నిజామాబాద్ జిల్లాలో ఈ ఆచారం ఎంత బలంగా ఉండేదో తర్వాతి కాలంలో హేమలతా లవణం వంటి వారు ఇక్కడ చేసిన పని వల్ల లోకానికి తెలిసింది. హైదరాబాద్ నగరంలో భాగ్యరెడ్డి వర్మ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే దీనికి వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. మద్రాసు శాసనసభ 1947లో దేవదాసీ నిషేధ చట్టం చేసింది కానీ అది నిజాం సరిహద్దు దాటి రాలేదు. మన రాష్ట్రం మొత్తానికి వర్తించే చట్టం 1988లో వచ్చింది. అప్పటికి ఆ పెద్దమ్మకు యాభై దాటాయి. ఆ చట్టం ఆమెకు తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు.

కానీ 1966 ప్రాంతంలో బాపమ్మ పెద్దకూతురికి, అంటే మా అత్తకు, ఒళ్లంతా అమ్మవారు పోసింది. పిల్ల బతికింది. బతికించిన దేవతకు పిల్లను ఇవ్వాలని ఊరి పెద్దలు కబురు పెట్టారు. కాదంటే ఊరికి కీడు అన్నారు. బాపమ్మ ఎవరితోనూ వాదించలేదు. మూడో రోజు తెల్లవారకముందే పిల్లను నడుముకెత్తుకుని ఊరు దాటింది. బోధన్ వైపు చెరకు తోటల్లో, తండ్రికి తెలిసిన మనుషుల మధ్య, చెరకు నరికే కూలికి కుదిరి ఎనిమిది నెలలు తిరిగి రాలేదు. వచ్చాక కులపంచాయితీ వేసిన తప్పు కట్టింది. పిల్లను మాత్రం ఇవ్వలేదు. "అక్క బతుకు జూసిన. ఇగ ఇంకొకల్ల బతుకు జూసుడు నాతోని గాలె" అనేది. 1988లో శాసనసభ చెప్పిన మాటను, అక్షరం ముక్క రాని ఒక మాదిగ స్త్రీ ఇరవై రెండేళ్ల ముందే తన ఇంట్లో అమలు చేసింది. దానికి గెజిట్ లేదు, తేదీ లేదు. మా అత్త పెళ్లి, ఆమె పిల్లలు, ఆ పిల్లల చదువులు మాత్రమే దానికి దాఖలా. సంస్కరణ చరిత్రను సంస్కర్తల పేర్లతో, చట్టాల సంఖ్యలతో మాత్రమే రాసినంత కాలం ఇటువంటి నిరాకరణలు అందులో కనిపించవు. చట్టాలు సాధ్యమైనది ఇటువంటి నిరాకరణలు ఊరూరా పోగుపడినందువల్ల కూడా.

ఆమె జీవితంలో ఆలస్యం లేకుండా వచ్చిన మార్పు ఏదని ఒకసారి అడిగాను. నేను అంబేడ్కర్ పేరో, ఓటు హక్కో చెబుతుందని ఆశించాను. ఆమె రెండు రూపాయల కిలో బియ్యం అంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ పథకం మొదలుపెట్టే దాకా, ఆశాఢంలో తిండిగింజల కోసం పటేలు వాకిలి తొక్కక తప్పేది కాదు. ఆ గింజలకు బదులు కోతల కాలంలో అడిగిన కూలికి అడిగినన్ని రోజులు పోవాలి. రేషన్ దుకాణంలో బియ్యం దొరికాక ఆ వాకిలి తొక్కడం తగ్గింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది, మరుసటి ఏడు మోర్తాడ్ మండల కేంద్రమైంది. ఈ రెండో మార్పు మీద ఆమె తీర్పు కఠినంగా ఉండేది: "పటేల్ పోయిండు గని పటేల్‌తనం పోలె." బియ్యం మీద మాత్రం ఆమె ఎన్నడూ విమర్శ చేయలేదు. సంక్షేమాన్ని ఉచితాలు అని వెక్కిరించే మేధావులు ఈ తేడాను ఆలోచించాలి. ఆకలి తీర్చడం ఒక్కటే ఆ బియ్యం చేయలేదు, ఒక ఇంటి ముందు వంగే నడుమును కొంత నిటారు చేసింది.

రెండో ఆసరా బీడీ. నిజామాబాద్ జిల్లాలో లక్షల ఆడవాళ్ల బతుకు తునికాకు, తంబాకు, దారం చుట్టూ తిరిగింది. ఆకు నానబెట్టి, కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మలిచి, ఇరవై అయిదు చొప్పున కట్టలు కట్టి కార్ఖానాకు అప్పగించాలి. బాపమ్మ రోజుకు ఏడెనిమిది వందలు చుట్టేది. తంబాకు ధూళికి దగ్గు, వంగి కూర్చున్నందుకు నడుమునొప్పి ఆమెతో చివరిదాకా ఉన్నాయి. అయినా ఈ పనిలో ఆమె గమనించిన ఒక విశేషం ఉంది. ఆమె చేతి నీళ్లు ఊళ్లో ఎవరూ ముట్టరు. ఆమె చేతితో చుట్టి, పెదవి అంచున పెట్టుకునే బీడీని మాత్రం అన్ని కులాలవాళ్లూ తాగుతారు. కట్ట మీద కంపెనీ ముద్ర పడగానే చేతి కులం మాయమవుతుంది. అంటు అనేది పదార్థంలో లేదు, ఎవరు ఎవరికి లోబడాలన్న లెక్కలో ఉందని నాకు అర్థమైంది పుస్తకాల కంటే ముందు ఈ సంగతి వల్లే.

బీడీ కార్మికుల చట్టం 1966లో, సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చాయి. భవిష్యనిధి కార్డు ఉంటేనే బీడీ కార్మికురాలు. బాపమ్మకు కార్డు లేదు. ఆమె చుట్టిన బీడీలు మరొకరి కార్డు మీద లెక్కకెక్కేవి. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి ప్రకటించినప్పుడు, నలభై ఏళ్లు బీడీలు చుట్టిన ఆమె ఆ జాబితాలో లేదు. వృద్ధాప్య పింఛను అప్పటికే వస్తున్నందున పూట గడిచింది. కానీ ప్రభుత్వ దృష్టిలో ఆమె వృద్ధురాలు మాత్రమే అయింది, కార్మికురాలు కాలేకపోయింది. 1941 నుంచి 2011 దాకా ఎనిమిది జనాభా లెక్కలు ఆమె జీవితకాలంలో జరిగాయి. స్వాతంత్ర్యం తర్వాతి ప్రతి లెక్కలోనూ షెడ్యూల్డ్ కులాల గడిలో ఆమె చేరింది. ఇంటి అరుగు మీద చుట్టిన బీడీ ఎన్నిసార్లు పనిగా నమోదైందో, ఎన్నిసార్లు ఇంటిపనిలో కలిసిపోయిందో ఆ లెక్కలే చెప్పాలి.

ఆ బీడీయే ఒకసారి ఒక వాడను బతికించింది. ఇరవై ఏళ్ల కిందట, బాపమ్మ పుట్టిన ఊళ్లో మాదిగ యువకులు ఊరి చావులకు ఊరకే డప్పు కొట్టమన్నారు. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోరా డప్పుకు కొత్త అర్థం ఇచ్చిన కాలం అది. ఊరి కమిటీ వాడను వెలివేసింది. కూలికి పిలవకూడదు, దుకాణంలో సరుకు ఇవ్వకూడదు, మాట్లాడితే జరిమానా. నిజామాబాద్ జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల పేరిట సాగే ఈ సాంఘిక బహిష్కరణలు పత్రికల పాఠకులకు కొత్త కాదు. గుడి కట్టిన కమిటీ, రోడ్డు వేసిన కమిటీ, అదే చేత్తో వెలి కూడా వేస్తుంది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం అప్పటికే ఉంది. కేసు కన్నా ముందు ఆకలి వచ్చింది. కార్ఖానా బయటి ఊరిది కనుక బీడీ పని ఆగలేదు. పదిహేను రోజులు వాడలో పొయ్యిలు వెలిగింది ఆ కూలి మీద, మోర్తాడ్ నుంచి బాపమ్మ ఆటోలో పంపిన బియ్యం మీద. ఆ తర్వాత రాజీ కుదిరింది. డప్పు కొడితే డబ్బు ఇవ్వాలన్నది అందులో మొదటి షరతు.

భూమి కథ చిన్నది. భూసంస్కరణల కాలంలో మా తాతకు లావుణి పట్టా కింద ఎకరం పది గుంటలు వచ్చింది, గుట్ట వాలున, రాళ్లతో. నీళ్లు లేవు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం వల్ల అమ్ముడుపోకుండా మిగిలింది. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి నాలుగు వేల చొప్పున డబ్బు పడింది. ఎనభై దాటిన వయసులో, రైతు అని తనను ప్రభుత్వం పిలవడం చూసి ఆమె నవ్వుకుంది. జీవితమంతా ఆమె పనిచేసింది ఇతరుల పసుపు చేలల్లో. మోర్తాడ్, కమ్మర్‌పల్లి, బాల్కొండ ప్రాంతం పసుపుకు పెట్టింది పేరు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ రైతులు వందకు పైగా నామినేషన్లు వేసి దేశం దృష్టిని మళ్లించారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లో ప్రారంభమైంది. ఇది రైతుల గెలుపే. పసుపు తవ్వి, కొమ్ములు విరిచి, ఉడకబెట్టి ఆరబోసే కూలి స్త్రీ గురించి ఆ బోర్డు ఏం ఆలోచిస్తుందని అడిగిన గొంతు నాకింకా వినపడలేదు. 1950లో కౌలు లేనివాడికి కౌలు చట్టం అందనట్టే, నేడు కౌలుకు చేసేవాడికి, కూలికి చేసేదానికి రైతు పథకాలు అందడం లేదు. ఏడు దశాబ్దాలలో గీత జరిగింది, చెరగలేదు.

2011 సకల జనుల సమ్మెలో రోడ్డు మీద వంటావార్పుకు బాపమ్మ కూడా పోయింది. తెలంగాణ వచ్చింది. దళితులకు మూడెకరాల మాట విన్నది, భూమి చూడలేదు. తాను పుట్టిన ఏడాది కట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడిందని విని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. కూలిని నాణెంలో ఇచ్చి, మనిషిని పేరుతో పిలిచిన చోటు అది. ఆ గౌరవం ఎంత చిన్నదో, ఎంత అరుదైనదో ఆమెకు తెలుసు.

ఫ్రెంచి చరిత్రకారుడు అలెన్ కోర్బాన్ 1998లో ఒక విచిత్రమైన పుస్తకం ప్రచురించాడు. పాత రికార్డుల్లోంచి కళ్లు మూసుకుని తీసినట్టు ఒక చదువురాని చెక్కచెప్పుల పనివాడి పేరు ఎంచుకుని, పంతొమ్మిదో శతాబ్దపు ఆ సామాన్యుడి లోకాన్ని తిరిగి కట్టాడు. ఆ ప్రయత్నానికి ఆయనకు కనీసం జనన మరణాల రిజిస్టర్లు దొరికాయి. మాదిగవాడకు అవీ లేవు. మనకున్నది నోటిమాట. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' ద్వారా సాయుధ పోరాట స్త్రీల మాటను అచ్చువేసింది. గోగు శ్యామల టి.ఎన్. సదాలక్ష్మి జీవితాన్ని నమోదు చేసింది. అవి ఉద్యమాల్లో నిలిచిన స్త్రీల చరిత్రలు. ఏ దళంలోనూ, ఏ పార్టీలోనూ లేని స్త్రీల చరిత్ర ఇంకా మిగిలే ఉంది.

ఈ పని ఇప్పుడే ఎందుకంటే, లెక్కల కాలం మళ్లీ వచ్చింది. 2024 నవంబరులో మొదలైన తెలంగాణ ఇంటింటి కులసర్వే షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతమని తేల్చింది. సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1 తీర్పు తర్వాత, 2025 ఏప్రిల్ 14న రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు వర్గాలయ్యాయి. దేశవ్యాప్త జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం కూడా ప్రకటించింది. ఇవన్నీ అవసరమైనవి, పోరాడి తెచ్చుకున్నవి. వాటాల మీద మాల మాదిగల మధ్య వాదోపవాదాలు సాగుతాయి, సాగనివ్వండి. కానీ ఒక వర్గం వెనుకబాటును శాతాలతో నిరూపించగలం కానీ, అది ఎలా తయారైందో శాతాలు చెప్పలేవు. రద్దయిన అప్పును అయిదేళ్ల తర్వాత తీర్చిన కుటుంబం, మరొకరి కార్డు మీద నలభై ఏళ్లు చుట్టిన బీడీలు, తెల్లవారకముందే పిల్లతో ఊరు దాటిన తల్లి ఏ గడిలో చేరతారు?

విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న మిత్రులకు నాది ఒక విన్నపం. దసరాకు ఇంటికి పోయినప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి మీ ఇంటి వృద్ధుల ముందు కూర్చోండి. ఏ సంవత్సరంలో ఏం జరిగిందని అడగకండి. ఎవరి బావి నీళ్లు తాగారో, ఎవరి అప్పు ఎన్నేళ్లు కట్టారో, కూలి గింజల్లో ఎప్పటిదాకా వచ్చిందో, హోటల్లో వేరే గ్లాసు ఎప్పుడు పోయిందో, ఎవరికి ఎప్పుడు మొదటిసారి కాదని చెప్పారో అడగండి. ఆ పక్కన చట్టాల తేదీలు మీరు రాసుకోవచ్చు, అవి పుస్తకాల్లో దొరుకుతాయి. ఈ జవాబులు దొరకవు. మా వాడలో బాపమ్మ ఈడువాళ్లు ఇప్పుడు నలుగురే మిగిలారు. వాళ్లలో ఇద్దరికి చెవులు సరిగా వినపడవు.